మామ కండ్లకు ఆనని మానిటరు

పోయిన నెలలో మా బిడ్డ నన్ను వెంటబెట్టుకుని నల్గొండలోనే ఒక కంప్యూటర్ల అంగడికి తీసుకుపోయింది. ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసే కాలం కదా ఇది, చిన్న తెర మీదికి వంగి వంగి మెడ పట్టేస్తోందని, పెద్ద మానిటరు ఒకటి కొనుక్కుంటానని, ఇరవై ఏండ్ల పైగా తెర ముందు కూర్చుని బతికినవాణ్ణి గనుక నేను పక్కన ఉంటే ధైర్యమని దాని మాట. అంగట్లో గోడ పొడుగునా పది పన్నెండు తెరలు వెలుగుతున్నాయి, అన్నిటి మీదా ఒకటే బొమ్మ, నీళ్లలోంచి పైకి ఎగిరే రంగురంగుల చేప. అంగడాయన ఫోర్ కే అంటాడు, కంటికి చల్లన అంటాడు, ఈ ధరకు ఇంత నాణ్యం హైదరాబాదు పోయినా దొరకదంటాడు. ఆయన మాటల్లో తప్పేమీ లేదు గాని నా చూపు ఆ చేప మీదే ఆగిపోయింది. దగ్గర దగ్గర ముప్పై ఏండ్ల కింద ఇట్లాంటి అంగట్లోనే, ఇట్లాంటి బొమ్మనే, చేప కాదు చిలుక, దాన్ని చూసి నేను మోసపోయానని చాలా కాలం అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. అది అబద్ధం. మోసపోయినవాడు వేరు, నేను మోసం చేసినవాణ్ణి.

మన ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు, ఎనభైలలో ప్రెస్సు అంటే సీసం వాసన, సిరా వాసన, కాలితో తొక్కే ట్రెడిల్ మిషను టకటకలు. పెండ్లి పత్రికైనా, వడ్ల రసీదు పుస్తకమైనా, ఎన్నికల కరపత్రమైనా ఒక్కొక్క అక్షరం చేత్తో ఏరి పేర్చవలసిందే. మా మేనమామ నల్గొండలో ఒక ప్రెస్సులో ఆ పని చేసేవాడు. మాది సెంటు భూమి లేని ఇల్లు. బాపు నా చిన్నప్పుడే పోతే అమ్మ నన్ను తెచ్చి తమ్ముడి ఇంట్లో వదిలి, తాను ఊళ్లో కూలికి పోయేది. మా ఇంటావంటా అక్షరం ముట్టిన మొదటి మనిషి మామే. పన్నెండేండ్ల వయసులో క్రైస్తవ మిషన్ వాళ్ల ప్రెస్సులో ఊడ్చే పనికి చేరి, ఊడుస్తూ ఊడుస్తూ కింద పడ్డ అక్షరాలను ఏ గడిలోది ఆ గడిలో వేయడం నేర్చి, అట్లా చదువు నేర్చుకున్నాడు. అంటే మామకు అక్షరాలు పలక మీద కాదు, సీసం మీద వచ్చాయి.

అక్కడే ఉంది అసలు సంగతి. సీసపు అక్షరం కాగితం మీద తిన్నగా పడాలంటే తాను తిరగబడి ఉండాలి. కంపోజు చేసేవాడు ఎడమ చేతిలో స్టిక్ అనే ఇనుప పట్టీ పట్టుకుని, వరసను తలకిందులుగా పేర్చుకుంటూ పోతాడు, తలకిందులుగానే చదువుకుంటాడు. మామ ముప్పై ఏండ్లు అట్లాగే చదివాడు. తిన్నగా ఉన్న పుస్తకం ఇస్తే కూడబలుక్కునేవాడు గాని తలకిందులుగా ఉన్న సీసం వరసలో ఎక్కడ ఒత్తు అరిగిందో, ఎక్కడ తలకట్టు విరిగిందో ఒక్క చూపులో పట్టేసేవాడు. కొత్తగా పని నేర్చుకునేవాళ్ల కోసం ఆయన చొక్కా జేబులో రేకు అంచున్న చిన్న అద్దం ఒకటి ఎప్పుడూ ఉండేది. స్టిక్ అంచున ఆ అద్దం పడుకోబెడితే తిరగబడ్డ అక్షరాలు అందులో తిన్నగా కనబడేవి. నాకూ నేర్పుతానని ఎన్నిసార్లు పిలిచాడో లెక్క లేదు. చేతులకు మసి అంటుకునే పని నాకెందుకని, పదో తరగతి పాసైనవాణ్ణని, నేను అక్షరాల గడులుండే ఆ కేసుల దగ్గరికే పోయేవాణ్ణి కాదు. ఆ పదో తరగతి ఫీజు కట్టింది ఆ మసి చేతులేనన్న ఇంగితం కూడా నాకు లేకపోయింది.

తొంభైలు సగానికి వచ్చేసరికి ఊళ్లో కంప్యూటర్ మీద పెండ్లి పత్రికలు వేసే దుకాణాలు మొదలయ్యాయి. మా ప్రెస్సు యజమానిని అందరూ సాబ్ అనేవారు, మంచి మనిషి, మాట మీద నిలబడేవాడు. గిరాకీ కండ్ల ముందే జారిపోతుంటే ఆయన కూడా ఒక కంప్యూటర్ తేవాలని నిశ్చయించుకున్నాడు. అప్పటికి నేను హైదరాబాదులో ఆరు నెలల కోర్సు చేసి వచ్చి ఉన్నాను. సాబ్ మా ఇద్దరినీ కూర్చోబెట్టి విడమరచి చెప్పాడు. నాకు మూడు నెలల గడువు, పని నచ్చితే ఉంచుకుంటాడు. మామ ఆ కంప్యూటర్ మీద కంపోజింగు నేర్చుకుంటే ఆయన జాగా ఆయనకే, జీతం కూడా తగ్గదు. నేర్చుకోలేకపోతే మటుకు సీసం అమ్మేశాక ఆయనకు చూపించడానికి పని ఉండదు. మామ తల ఊపి, నేర్చుకుంటానన్నాడు. యాభై దగ్గర పడ్డ మనిషి, ఆ వయసులో ఇంకో పని వెతుక్కోవడం ఆయన వల్ల అయ్యేది కాదు.

కొనడానికి సాబ్ రాలేకపోయాడు, మోకాళ్ల నొప్పులు. పైసలు నా చేతికే ఇచ్చి, మిగతా కంప్యూటర్ సంగతి నాకు వదిలేసి, మానిటరు దగ్గర మాత్రం ఒక షరతు పెట్టాడు. "కంప్యూటర్ సంగతి నీకు తెల్సు గావచ్చు, అచ్చరం సంగతి మీ మామకు తెల్సు. ఆయన కండ్లకు ఏది ఆన్తే అదే తీస్కరా, జర ఎక్కువైనా ఫికర్ లేదు" అన్నాడు. ఇంత స్పష్టంగా చెప్పిన మాట అది.

మామ ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, పెండ్లిచూపులకు బయలుదేరినట్టు బయలుదేరాడు. బస్సులో దారి పొడుగునా ఆ తెర మీద అక్షరం ఎట్లా ఉంటుందని, ఒత్తు కింద ఎంత జాగా వదులుతుందని అడుగుతూనే ఉన్నాడు. నేనేమో కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ర్యామ్ అని, హార్డ్ డిస్క్ అని, ఆయనకు తెలియని మాటలన్నీ ఏరి ఏరి మాట్లాడాను. మామ వాటికి కూడా మురిసిపోయి, పక్క సీటాయనకు నన్ను చూపించి మా అల్లుడే అని చెప్పుకున్నాడు.

సికింద్రాబాదులో ఆ అంగడి ప్రెస్సుల వాళ్లకే ఎక్కువగా అమ్మేది. పక్కపక్కన రెండు మానిటర్లు పెట్టారు. ఒకటి చిన్నది, పద్నాలుగు అంగుళాలు, తెర మీద బొమ్మను కట్టే చుక్కలు దానిలో సన్నమట, అందుకని ధర ఎక్కువ. రెండోది పదిహేను అంగుళాలు, చుక్కలు కాస్త లావు, ధర తక్కువ. ఆ పెద్దదాని మీద చిలుక బొమ్మ పెట్టారు. ఏం చిలుక! ఆ ఆకుపచ్చ, ఆ ఎర్రముక్కు చూసి నా కండ్లు చెదిరిపోయాయి. మన ఇండ్లలో అప్పటికి మనం కొని ఎరిగిన తెర టీవీ ఒక్కటే కదా, పెద్దదైతే మేలు, రంగులు దట్టమైతే మేలు, అవి రెండూ చవకగా వస్తే అదృష్టం. మానిటరును కూడా నేను ఆ కొలతతోనే కొలిచాను. ఆరు నెలల కోర్సులో ఎవరూ చెప్పలేదా అంటే చెప్పారు, చుక్క సన్నమైతే అక్షరం నిలుస్తుందని నోట్సులో రాసుకున్నాను కూడా. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే అదే.

మామ చిలుకను చూడలేదు. దాన్ని తీసేసి అక్షరాలు పెట్టమన్నాడు. అంగడాయన శ్రీరస్తు, శుభమస్తు అని కొట్టి చూపిస్తే, ఇంత లావు కాదు, పత్రికలో అడుగున బంధుమిత్రుల పేర్లు వేసేంత సన్నం కావాలన్నాడు. అప్పుడు జేబులోంచి అద్దం తీసి, తెర మీది వరస కింద పడుకోబెట్టి, మెడ వంచి అందులోకి చూశాడు. తిన్నగా ఉన్న అక్షరాలు అద్దంలో తలకిందులై, ఆయన ముప్పై ఏండ్లుగా చదివిన సీసం వరసలాగే కనబడతాయి మరి. ఒక తెర కింద పెట్టి చూశాడు, రెండో తెర కింద పెట్టి చూశాడు, మళ్లీ మొదటిదాని దగ్గరికి వచ్చాడు. అంగట్లో ఉన్నవాళ్లంతా పని ఆపి చూస్తున్నారు. అంగడాయన నవ్వు ఆపుకోలేక "పెద్దాయనా, కంప్యూటర్ కొననీకి వచ్చినవా, మొఖం చూస్కోనీకి వచ్చినవా?" అన్నాడు. అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను. ఆ నవ్వు సంగతి రాయాలనే ఇదంతా మొదలుపెట్టాను, రాసేశాను. వాళ్లతో కలిసి, వాళ్లకంటే ఒకింత గట్టిగానే నవ్వాను, నేను ఈయన తాలూకు మనిషిని కాదన్నట్టు నవ్వాను.

మామ అదేమీ పట్టించుకోలేదు. పెద్దదాని వైపు చెయ్యి చూపి "దీంట్ల అచ్చరం వణుకుతాంది అల్లుడా, ఒత్తులు ఒకదాంట్లొకటి అల్లుకపోతున్నయి. గా చిన్నదాంట్ల నిలబడ్డది" అన్నాడు. నేను విన్నాను, వినడమే కాదు, ఆయన చెప్పినాక నాకూ ఆ వణుకు కనబడింది. కనబడినా ఒప్పుకోవడానికి నోరు రాలేదు. అంతమంది ముందు అద్దం పట్టుకుని కొనే బేరం నా పరువుకు తక్కువనిపించింది. చిన్నదానికి ఎక్కువ పైసలు పోసే తెలివితక్కువవాడు ఎవడైనా ఉంటాడా అని, సాబ్‌కు ఇంత మిగిల్చి ఇస్తే మెచ్చుకుంటాడని, వణుకుడు నాలుగు రోజుల్లో అలవాటైపోతుందని గడగడా వాదించాను. మామ అద్దం తుడిచి జేబులో వేసుకున్నాడు. "సదువుకున్నోనివి, నీ ఇష్టం" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు అది, నిజంగానే అన్నాడు.

తిరుగు బస్సులో ఆ మానిటరు పెట్టె కింద పెడితే అదురుతుందని తన ఒళ్లోనే పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని నల్గొండ దాకా వచ్చాడు. దిగేసరికి కాళ్లు తిమ్మిరెక్కి నిలబడలేకపోయాడు. సాబ్ వాకిట్లోనే కుర్చీ వేసుకుని ఎదురుచూస్తున్నాడు. నన్ను కాదు, మామనే అడిగాడు, "ఏమయ్యా, నీ కండ్లకు ఆనిందా?" అని. మామ నోరు తెరిచేలోపలే నేను అందుకుని, ఆనింది సాబ్, మామే చూసి తీసుకున్నాడు అన్నాను. మామ నా వైపు ఒకసారి తిరిగి చూసి, భుజం మీది తువ్వాలతో పెట్టె మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

ఆ తరువాతి నాలుగు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. మామకు పని రాలేదనుకునేరు, చాలా తొందరగా వచ్చింది. కేసులో ఏ గడిలో ఏ అక్షరముందో చూడకుండా ఏరిన వేళ్లు అవి, కీబోర్డు మీద ఎక్కడెక్కడ ఏమేముందో అట్ట మీద గళ్లు గీసుకుని పదిహేను రోజుల్లో పట్టేశాడు. తెర మీదే గెలవలేకపోయాడు. గంట కూర్చుంటే కండ్ల వెంట నీళ్లు, రెండు గంటలకు తలనొప్పి, అమృతాంజనం రాసుకుని మళ్లీ కూర్చునేవాడు. తెర కింద అద్దం పెట్టుకుని సన్న అక్షరాలు దిద్దుతుంటే, పత్రికలు అచ్చు వేయించుకోవడానికి వచ్చినవాళ్లు పెండ్లికొడుకు తయారైతుండు అని ఎకసెక్కాలాడేవారు. తప్పులు పోతున్నాయని సాబ్ అడిగినప్పుడల్లా నేనేం చెప్పానో తెలుసా, వయసు సాబ్, చూపు తగ్గింది అన్నాను. నా కండ్లు కూడా సాయంత్రానికి మండేవి. నాకు ఇరవై మూడేండ్లు గనుక ఓర్చుకున్నాను, అంతే తేడా.

మాఘమాసం పెండ్లి పత్రికలు ముమ్మరమయ్యేసరికి మామ తానే సాబ్ దగ్గరికి పోయి, నా కండ్లకు అయితలేదు అని చెప్పేశాడు. సాబ్ బతిమాలాడు, కండ్లద్దాలు చేయిస్తానన్నాడు, హైదరాబాదు దవాఖానకు పంపిస్తానన్నాడు. మామ వద్దన్నాడు. సీసం తూకానికి కొనేవాడు వస్తాడన్న ముందు రోజు పొద్దున్నే వచ్చి, చివరి పనిలో వాడిన అక్షరాలు ఇంకా ఫ్రేములో బిగించి ఉంటే వాటిని విప్పి, కడిగి, ఏ గడిలోది ఆ గడిలో వేశాడు. రేపు అన్నీ గోనె సంచిలో పోసుకుని పోయి కరిగించేదానికి ఇదెందుకు మామా అని నేనడిగితే ఇంకో పిడికెడు అక్షరాలు చేతిలోకి తీసుకున్నాడు. మరునాడు ఆ మనిషి వచ్చి కేసులన్నీ సంచుల్లోకి బోర్లించాడు. ఆ చప్పుడు వినడానికి మామ లేడు, అప్పటికే యాదగిరిగుట్ట బస్సెక్కి పోయాడు. అక్కడ ఒక లాడ్జిలో గదులు చూసుకునే పని ఎవరో చూపించారట.

నా మూడు నెలల గడువు సంగతి నేను అప్పటికి మరిచేపోయాను, నన్ను సాబ్ ఎప్పుడో ఖాయం చేసుకున్నాడు.

రెండేండ్లు కాకముందే ఆ చవక మానిటరు గులాబీ రంగుకు తిరిగి, తరువాత ఒకరోజు టప్‌మని ఆరిపోయింది. మిగిలాయనుకున్న పైసలు ఆ దెబ్బతో పోనే పోయాయి. ఈసారి సాబ్ ఎవరినీ అడగకుండా సన్నచుక్కల చిన్న మానిటరు తెప్పించాడు. దాని ముందు కూర్చుని నేను మొదటి పత్రిక తెరిచాను. అబ్బ, అక్షరం రాయి మీద చెక్కినట్టు నిలబడి ఉంది. ఒత్తు ఒత్తుగా, తలకట్టు తలకట్టుగా ఉంది. సాయంత్రం దాకా పనిచేసినా కన్ను మండలేదు. మండకపోయేసరికి నాకు ఏడుపు వచ్చింది. మామ చూపు తగ్గలేదు, ఏమీ తగ్గలేదు, తగ్గింది నేను కొన్న తెర నాణ్యం.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మరునాడే గుట్టకు పోయాను. లాడ్జి ముందు బల్ల వేసుకుని మామ యాత్రికుల పేర్లు రిజిస్టరులో రాస్తున్నాడు. దగ్గరికి పోయి చూస్తే ఆవగింజలంత సన్న అక్షరాలు, ముత్యాల్లాగా, ఒకదానికొకటి తగలకుండా ఉన్నాయి. కండ్లకు అద్దాలు లేవు. నన్ను చూసి సంబరపడి, చాయ్ తెప్పించి, అమ్మ బాగోగులు అడిగాడు. కొత్త మానిటరు వచ్చిందని, మామా తప్పు నాదేనని, సాబ్‌తో మాట్లాడతాను రమ్మని నేను చెప్పుకుపోతుంటే అంతా విన్నాడు. సాబ్ అడిగిననాడు ఆనలేదని ఒక్క మాట ఎందుకు అనలేదని ఏడుస్తూ అడిగాను. చాయ్ గ్లాసు కింద పెట్టి మెల్లగా చెప్పాడు. "గప్పుడు ఆనలే అంటే నువ్వు అబద్ధమాడినట్టయితుండె. నీకు మూడు నెలల గడువు ఉండె గదరా. నీ కొలువు పోతుండె. నేనెట్లన్న బతుకుత అనుకున్న."

అంతే అన్నాడు. తిరిగి రానని కూడా చెప్పాడు. అచ్చరం చేతికి తగలని పని తనకు ఇక వద్దన్నాడు. నేను లేచేముందు అన్నం తిని పొమ్మని లోపలికి తీసుకుపోయాడు, నేను తిన్నాను కూడా.

మామ పోయి చాలా ఏండ్లయింది, సాబ్ కూడా లేడు. ప్రెస్సు ఉన్న జాగాలో ఫ్లెక్సీలు వేసే మిషను పెట్టారు. నేను ఆ కొలువుతోనే ఇల్లు కట్టాను, బిడ్డను చదివించాను, ఆ బిడ్డే ఇప్పుడు నన్ను ఈ అంగట్లో నిలబెట్టింది.

చేపను తీసేసి తెలుగు అక్షరాలు పెట్టమని అడిగాను. సన్నగా, ఇంకా సన్నగా అన్నాను. అంగడాయన విసుక్కోకుండా పెట్టాడు. నా జేబులో అద్దం లేదు, ఫోను ఉంది. దాన్ని ఆర్పి, నల్లటి గాజును తెర మీది వరస కింద పడుకోబెట్టి, మెడ వంచి చూశాను. వెనక ఎవరో నవ్వినట్టనిపించింది. నవ్వింది మా బిడ్డేమోనని భయమేసి తిరిగి చూడలేదు. గాజులో అక్షరాలు తలకిందులుగా, ఒక్క చుక్క కూడా వణకకుండా, మామ చూసి ఉంటే రెండు చేతులెత్తి మొక్కేంత చక్కగా నిలబడి ఉన్నాయి. మామ నాలుగు నెలలు కండ్లనీళ్లతో వెతికిన అక్షరం ఇప్పుడు ఏ అంగడికి పోయినా గోడ నిండా ఉంది. చూడవలసిన కండ్లే లేవు. నేను ఒక్క మాటైనా చదువుదామని ఎంతసేపు ప్రయత్నించినా ఆ తలకిందుల వరస నాకు చదవరాలేదు, నేర్పుతానన్ననాడు మసి అంటుతుందని నేర్చుకోలేదు కదా.

బిడ్డ నా భుజం మీద చెయ్యేసి "బాపూ, నీ కండ్లకు ఆనిందా?" అని అడిగింది. దానికి ఈ కథ ఏమీ తెలియదు, మా ఇంట్లో ఆ మాట అట్లా వాడుకలో ఉండిపోయింది. ఆనింది అనబోయాను. ఆ మాట నా నోట ఇదివరకు ఒకసారి వచ్చింది, అది గుర్తొచ్చి ఆగిపోయాను.

"నాకు తెలుస్తలేదు బిడ్డా, నువ్వే మంచిగ చూస్కో" అన్నాను.